దీవి బేరాలు: మోటుపల్లి రేవు నుంచి అబర్డీన్ బజారు దాకా



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన కార్యవర్గం వారు అడిగినప్పుడు, కాకతీయుల గుడుల గురించి రాయాలా, మన మెట్టుగుట్ట గురించి రాయాలా అని చాలా రోజులు ఆలోచించాను. వాటి గురించి నాకంటే బాగా తెలిసినవారు మనలోనే ఉన్నారు. చివరికి మా ఇంటి అద్దాల అలమరలో ఉన్న ఒక వస్తువు, మా మంచం మీద పరచి ఉన్న మరో వస్తువు నా చేత ఈ వ్యాసం రాయించాయి. రెండూ 1988లో అండమాన్ దీవుల నుంచి తెచ్చినవే. ఒకటి తెచ్చినందుకు నేటికీ సంతోషిస్తున్నాను. రెండోదాన్ని చూస్తే తల వంచుకుంటున్నాను. ఎందుకో చివర చెబుతాను.

మడికొండకు సముద్రం ఆమడ దూరం కూడా కాదు, పది ఆమడల అవతలిది. వానమామలై వరదాచార్యుల వారు పుట్టిన ఊరు, కాళోజీ పెరిగిన ఊరు అని గొప్పగా చెప్పుకుంటాం గాని, అలల చప్పుడు వినాలంటే మనం కాజీపేటలోనో వరంగల్లులోనో రాత్రి రైలెక్కాల్సిందే. అలాంటి ఊరి వాళ్లకు దీవులతో, దీవుల సరుకులతో ఏం సంబంధం అనిపించవచ్చు. ఉన్నది. అది కూడా ఎనిమిది వందల ఏళ్ల నాటి సంబంధం.

గణపతిదేవుని అభయం

మన ఓరుగల్లును 1199 నుంచి 1262 వరకు ఏలిన కాకతి గణపతిదేవ చక్రవర్తి రాజ్యం తూర్పు తీరం దాకా విస్తరించింది. ఆ తీరంలో మోటుపల్లి అనే రేవు ఉండేది. ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఒక చిన్న పల్లె. అక్కడి వీరభద్రాలయంలో ఒక శాసన స్తంభం ఉన్నది. శక సంవత్సరం 1166, అంటే క్రీ.శ. 1244-45 నాటిది. దానినే అభయ శాసనం అంటారు.

అంతకుముందు రాజులు ఒక దుర్మార్గం చేసేవారు. ఒక దేశం నుంచి మరో దేశానికి పోతున్న ఓడ గాలివానకు చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, సమస్తమూ రాజు సొత్తు అయిపోయేది. ప్రాణాలు దక్కించుకున్న వర్తకుడు కట్టుబట్టలతో మిగిలేవాడు. గణపతిదేవుడు ఆ పద్ధతిని తీసివేశాడు. ప్రాణం కంటే ధనం మిన్న అని తలచి సముద్రం మీద సాహసించే ఆ వర్తకుల సొత్తులో న్యాయమైన సుంకం తప్ప మరేదీ ముట్టుకోమని రాతి మీద చెక్కించాడు. ఆ సుంకం ఎగుమతి, దిగుమతులకు ముప్పయింట ఒక వంతు. దీవుల నుంచి, పరదేశాల నుంచి, పట్టణాల నుంచి వచ్చిపోయే ఓడ వర్తకులందరికీ ఈ అభయం వర్తిస్తుందని కూడా చెప్పాడు.

ఆ శాసనంలోని సరుకుల జాబితా చదువుతుంటే పెద్ద అంగడిలో నిలబడినట్టు ఉంటుంది. చందనం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పునుగు, రాగి, తగరం జాతి లోహాలు, సీసం, పట్టు దారాలు, పగడాలు, సుగంధ ద్రవ్యాలు, మిరియాలు, వక్కలు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క రేటు. కర్పూరానికి ఎంత, మిరియాలకు ఎంత అని ముందే రాతి మీద రాసి ఉండటం వల్ల సుంకరి ఇష్టం వచ్చినట్టు అడగడానికి వీలు లేదు. మన కాలంలో ఎన్నో కార్యాలయాల గోడల మీద రుసుముల పట్టిక వేలాడగట్టమని ఉత్తర్వులు వచ్చాయి. ఆ పట్టిక పెట్టిన మొదటివాళ్లలో మన చక్రవర్తి ఒకడని నేను సరదాగా అంటుంటాను.

ఈ సరుకుల్లో కర్పూరం, మిరియాలు, చందనం వంటివి తూర్పు దీవుల నుంచి కూడా వచ్చేవి. తిరుగు ప్రయాణంలో ఓడలు మన వైపు నుంచి ముఖ్యంగా తీసుకుపోయినది బట్ట. క్రీ.శ. 1290ల ప్రాంతంలో ఈ తీరాన్ని వర్ణించిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో, మోటుపల్లి పేరుతోనే మొత్తం రాజ్యాన్ని పిలిచాడు. దాన్ని ఏలిన వివేకవంతురాలైన రాణిని మెచ్చుకున్నాడు. ఆమె మన రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. ఇక్కడి బట్ట సాలెగూడంత సన్ననిదని, ప్రపంచంలో దానిని ధరించని రాజు, రాణి ఉండరని అర్థం వచ్చేట్టు రాశాడు.

కాకతీయ రాజ్యం 1323లో కూలిన తరువాత కూడా ఈ అభయం విలువ తెలిసినవారు ఉన్నారు. కొండవీటి రెడ్డిరాజు అనవోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ రాయితీలు ప్రకటిస్తూ శాసనం వేయించాడు. బేరగాడికి నమ్మకం కలిగితేనే రేవుకు ఓడ వస్తుందని ఇద్దరికీ తెలుసు.

జాజికాయకు చీర

మనం దీవులకు పోయి చౌకగా కొనాలని చూస్తాం. ఒకప్పుడు దీవులవాళ్లే మన సరుకు కోసం కాచుకొని కూర్చునేవారు.

1606లో డచ్చివారు గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో కోఠీ పెట్టుకున్నారు. నిజాంపట్నంలోనూ పెట్టారు. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నం చేరారు. వీళ్లందరికీ అసలు కావలసినది లవంగం, జాజికాయ, జాపత్రి. ఆ రోజుల్లో జాజికాయ బందా దీవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా కాసేది కాదు. లవంగం మొలుకా దీవులది. యూరపు నుంచి వెండి తీసుకుపోతే ఆ దీవులవారు అంతగా సంతోషించలేదు. వారికి కావలసినది కోరమాండల్ తీరపు అద్దకం బట్ట. ముఖ్యంగా చిరివేరు రంగుతో ఎర్రగా అద్దిన బట్ట. నిజాంపట్నం పరిసరాల చిరివేరుకు మంచి పేరుండేది. అందుకే డచ్చివారు ముందు మన తీరానికి వచ్చి బట్ట కొని, దానిని దీవులకు తీసుకుపోయి మసాలాగా మార్చి, మసాలాను యూరపులో బంగారంగా మార్చుకునేవారు. మన సాలె, మన అద్దకపువాడు లేకుండా ఆ వ్యాపారం నడిచేది కాదు.

అయితే ఈ కథకు ఒక చీకటి వైపు ఉన్నది. బేరం తమకు మాత్రమే దక్కాలని, ధర తాము చెప్పినదే కావాలని పట్టుబట్టి 1621లో డచ్చివారు బందా దీవులను ఆయుధాలతో ఆక్రమించారు. అక్కడి జనంలో అధిక భాగం చంపబడ్డారు, చెదిరిపోయారు, బానిసలయ్యారు. చవక బేరం వెనుక ఒక్కొక్కసారి ఎవరి ప్రాణం ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

కొబ్బరికాయే రూపాయి

ఇక మన బంగాళాఖాతపు దీవుల సంగతి. రాజేంద్ర చోళుని 1030 నాటి తంజావూరు శాసనంలో నికోబార్ దీవులను మా నక్కవారం అని పేర్కొన్నారు. తూర్పునకు పోయే ఓడలు నీళ్లకూ, కొబ్బరికాయలకూ అక్కడ ఆగేవి. నికోబారు వాసులకు నాణెంతో పని లేదు. కొబ్బరికాయే వారి రూపాయి. అది కూడా మనవాళ్లు పండుగకు కొన్నట్టు జతల లెక్కనే. బియ్యం, బట్ట, కత్తి, చెంచా, ఏదైనా సరే ఇన్ని జతల కాయలు అని ధర పలికేవారు. కోరమాండల్ తీరం నుంచి, బర్మా నుంచి వచ్చిన ఓడలవాళ్లు ఈ లెక్కకే ఒప్పుకొని వ్యాపారం చేసుకున్నారు.

అండమాన్ కథ వేరు. 1857 పోరాటం తరువాత, 1858లో ఇంగ్లీషువారు అక్కడ ఖైదీల వలస నెలకొల్పారు. పోర్ట్‌బ్లెయిర్ బజారుకు అబర్డీన్ బజారు అని పేరు. అదే అబర్డీన్ వద్ద 1859 మేలో అండమాన్ ఆదివాసులు విల్లంబులతో వలస మీదికి వచ్చి తుపాకుల ముందు ఓడిపోయారు. సొంత నేల కోసం పోరాడినవారి రక్తం పడిన చోటు అది. బజారులో బేరమాడే యాత్రికులలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

ఖైదీల వలసలో డబ్బు చెలామణి ఎలా అన్నది ఒక సమస్య అయింది. అసలు నాణేలు ఇస్తే ఖైదీలు వాటితో పారిపోయే ప్రయత్నం చేస్తారని భయం. అందుకని 1861లోను, మళ్లీ 1866లోను ఒక రూపాయి రాగి టోకెన్లు వేయించారు. ఆ టోకెను దీవి దాటితే చెల్లదు. మంచి నడవడితో కొన్నేళ్లు గడిపిన ఖైదీలకు సొంతంగా బతుకుతెరువు చూసుకునే అనుమతి ఇచ్చేవారు. వాళ్లే సేద్యం చేశారు, పశువులు కాశారు, చిన్న దుకాణాలు పెట్టారు. అబర్డీన్ బజారు పునాది ఇది. కొండ మీద సెల్యులర్ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది.

1942 మార్చిలో జపాను సేనలు దీవులను పట్టుకున్నాయి. 1943 డిసెంబరు 30న నేతాజీ సుభాస్ చంద్రబోస్ పోర్ట్‌బ్లెయిర్‌లో జెండా ఎగరవేసిన సంగతి మనందరికీ తెలుసు. కాని బజారు దృష్టిలో ఆ మూడేళ్లూ కరువు కాలం. ప్రధాన భూభాగం నుంచి ఓడ రాకపోతే దీవిలో ఉప్పు గల్లు కూడా ఉండదన్న పాఠం 1945 అక్టోబరులో విముక్తి వచ్చేసరికి అందరికీ ఒంటబట్టింది.

స్వాతంత్ర్యం వచ్చాక తూర్పు బెంగాలు కాందిశీకులను అక్కడ స్థిరపరిచారు. తమిళులు, మలయాళీలు, రాంచీ వైపు కూలీలు వచ్చారు. మన తెలుగువారు ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుంచి చేపల వేటకు, కట్టడపు పనులకు, చిన్న వ్యాపారాలకు విశాఖ ఓడ ఎక్కి వెళ్లారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో ప్రతి వంద మందిలో పదముగ్గురి మాతృభాష తెలుగు. బంగ్లా, హిందీ, తమిళం తరువాత మనదే.

విదేశీ సరుకు పిచ్చి

మన తరం ఉద్యోగులకు దీవి అనగానే ఇంకో మాట గుర్తొచ్చేది, ఫారిన్ సామాను. ఈ పిచ్చికి ఒక చరిత్ర ఉన్నది. ఇంగ్లీషువారు 1786లో పినాంగు దీవిని, 1819లో సింగపూరును రేవులుగా తీసుకొని సుంకం లేని వ్యాపారానికి తెరిచారు. తరువాత హాంకాంగ్ వచ్చింది. సుంకం లేదు కనుక అన్ని దేశాల ఓడలూ అక్కడికే చేరాయి. సరుకు చవక అయింది. దీవి అంటే చౌక బజారు అన్న భావం అక్కడ పుట్టింది. 1977లో శ్రీలంక దిగుమతులకు తలుపులు తెరిచాక కొలంబోకు కూడా మనవాళ్లు టేపురికార్డర్ల కోసం పోయారు.

మన దేశంలో అప్పుడు విదేశీ వినియోగ వస్తువుల దిగుమతి మీద గట్టి ఆంక్షలు ఉండేవి. అందుచేత రిస్టువాచీ, ట్రాన్సిస్టరు, సెంటు సీసా, నైలాన్ చీర అంటే ఊరంతా చూడటానికి వచ్చేది. మద్రాసు రేవు పక్కన బర్మా బజారు 1960ల చివర ఏర్పడింది. రంగూనులో సర్వం పోగొట్టుకొని తిరిగివచ్చిన కాందిశీకుల బతుకుతెరువు కోసం పెట్టినది అది. అండమాన్ ఓడ ఎక్కబోయేవారూ దిగినవారూ ఆ బజారు మీదుగానే పోవాలి. అండమాన్ నుంచి తెచ్చామని చుట్టాలకు చెప్పి పంచిన చాలా వస్తువులు మద్రాసులో కొన్నవేనని ఇప్పుడు ఒప్పుకుంటే తప్పు లేదు. 1991 సంస్కరణలు, 2001 ఏప్రిల్ 1 నుంచి దిగుమతి పరిమితుల ఎత్తివేత తరువాత ఆ పిచ్చి తనంతట తానే చల్లారింది. నేడు హన్మకొండ చౌరస్తాలో దొరకని విదేశీ వస్తువు లేదు.

మన పెద్దల దీవి

మా తాతల కాలంలో మాత్రం దీవి ప్రయాణం అంటే ఒక్కటే, రామేశ్వరం. అది దీవి అన్న ధ్యాస కూడా చాలామందికి ఉండేది కాదు. 1914లో పాంబన్ రైలు వంతెన తెరిచేదాకా పడవలో దాటాల్సిందే. ధనుష్కోటి నుంచి లంకలోని తలైమన్నారుకు ఓడ నడిచిన కాలంలో లంక సరుకులు కూడా అటు వచ్చేవి. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపాను ధనుష్కోటిని తుడిచిపెట్టింది. 1988లో రోడ్డు వంతెన, 2025 ఏప్రిల్‌లో కొత్త రైలు వంతెన వచ్చాయి.

రామేశ్వరం నుంచి పెద్దలు ఏం తెచ్చేవారు? కాశీలో గంగలో కలపడానికి సేతువు ఇసుక, పూజకు ఒక శంఖం, తాటాకు బుట్ట, పిల్లలకు గవ్వలు. శంఖం ఊదితే పలుకుతుందా లేదా అని చెవి దగ్గర పెట్టి చూసి మరీ కొనేవారు. కొన్నది తక్కువ, దాచుకున్నది ఎక్కువ కాలం. మా ఇంట్లో మా నాయనమ్మ తెచ్చిన శంఖం ఇప్పటికీ కార్తీక మాసంలో పలుకుతుంది.

1988: మా ఎల్.టి.సి. ప్రయాణం

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు నాలుగేళ్లకు ఒకసారి దేశంలో ఎక్కడికైనా పోయే ఎల్.టి.సి. సౌకర్యం ఉన్న సంగతి తెలిసిందే. 1988 జనవరిలో నేను, మా ఇంటామె, పదేళ్ల మా అబ్బాయి వరంగల్లులో జి.టి. ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు చేరి, అక్కడి నుంచి ఓడలో బంక్ క్లాసులో మూడు రోజులు ప్రయాణించి పోర్ట్‌బ్లెయిర్ చేరాం. మొదటి రెండు రోజులు మా ఇంటామె తల ఎత్తలేదు. మూడో రోజు పొద్దున దీవి పచ్చగా కనిపించగానే లేచి కూర్చుని, కొనవలసిన వాటి చిట్టా తీసింది.

చిట్టా పెద్దది. కాని బజారులోకి పోయాక తెలిసింది, అక్కడ చవక అనేది లేదు. సబ్బు నుంచి చీర దాకా అంతా మద్రాసు నుంచో కలకత్తా నుంచో ఓడలో రావాలి. ఓడ కిరాయి ధరలో కలుస్తుంది. దీవిలో పుట్టినవి కొన్నే: కొబ్బరి, వక్క, లవంగం, దాల్చిన, మిరియం, నికోబారు చాపలు, వెదురు బుట్టలు, పడౌక్ కర్ర బొమ్మలు, గవ్వలతో చేసిన దీపాలు, దండలు. ఈ పడౌక్ ఎర్రని మేలుజాతి కలప. 1883లో పెట్టిన చాథం రంపపు మిల్లు దానితోనే పేరు తెచ్చుకున్నది. ఇవన్నీ ప్రభుత్వ కుటీర పరిశ్రమల ఎంపోరియం సాగరికలో నిర్ణీత ధరకు దొరికేవి. బేరం లేదు, రసీదు ఉన్నది.

జంగ్లీఘాట్ రేవులో చేపల బుట్టల దగ్గర తెలుగు వినిపించి ఆగాం. సోంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె. మాది వరంగల్లు అంటే, అంత దూరం నుంచా అని నోరు తెరిచింది. మేము మూడు రోజుల ఓడ ప్రయాణం గురించి చెప్పుకుంటుంటే ఆమె, “నాను వచ్చి పద్దెనిమిదేళ్లయింది, మళ్లీ ఊరు చూడనేదు” అన్నది. ఆ తరువాత మా ఇంటామె చేపల ధర అడగలేదు. ఆమె చెప్పినంత ఇచ్చింది.

నాలుగో రోజు అబర్డీన్ బజారులో ఒక బట్టల దుకాణంలో మా ఇంటామె ఒక జంపఖానా చూసింది. నీలం, ఎరుపు చారలు, మంచి నేత. దుకాణదారు హిందీలో, ఇది ప్రత్యేకంగా తెప్పించిన సరుకు అని చెప్పి నూట ఇరవై అన్నాడు. ఆమె అంచు తిప్పి చూసింది, ముడి చూసింది, నా వైపు తిరిగింది. “ఏమండీ, గిది మన కొత్తవాడదే గదా! మా మేనమామ మగ్గం మీద గిదే చార.” దుకాణదారును గుచ్చి అడిగితే ఒప్పుకున్నాడు, కలకత్తా టోకు వ్యాపారి దగ్గర కొన్నానని, అది వరంగల్ మాలేనని.

వరంగల్లు రత్నకంబళ్లు 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనకు వెళ్లి మెప్పు పొందినవి. ఆ నేత సంతతే మన జంపఖానా. 2018లో వరంగల్ జంపఖానాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాని 1988లో కొత్తవాడలో అదే జంపఖానాకు నేసినవాడి చేతికి వచ్చేది ఎంతో మాకు తెలుసు. మేనమామ ఇంట్లో చూసినదే. వరంగల్లు నుంచి కలకత్తా, కలకత్తా నుంచి సముద్రం దాటి దీవి. దారిలో ప్రతివాడూ లాభపడ్డాడు, మొదటివాడు తప్ప. నేను వద్దంటున్నా వినకుండా ఆమె దాన్ని కొన్నది. ఊరికి పోయాక సగం ధరకు దొరుకుతుంది కదా అన్నాను. “దొరుకుతది. కాని ఇంత దూరం వచ్చిన దాన్ని ఈడ విడిచిపెట్టిపోతనా?” అన్నది. ఆ జంపఖానా మళ్లీ సముద్రం దాటి, రైలెక్కి మడికొండకు వచ్చింది.

అలమరలోని వస్తువు

ఇప్పుడు రెండో వస్తువు సంగతి. తిరిగివచ్చే ముందు రోజు ఒక తీరంలో మా అబ్బాయి లోతు తక్కువ నీళ్లలో దిగి ఒక తెల్లని పగడపు గుత్తి తెచ్చాడు. చిన్న చెట్టులా ఉన్నది. నేనే మెచ్చుకొని తువ్వాలులో చుట్టి పెట్టెలో పెట్టాను. ఎవరూ అడగలేదు. డబ్బు ఖర్చు లేకుండా వచ్చిన ఆ గుత్తే అన్నింటికంటే చవక బేరమని చుట్టాలతో చెప్పుకున్నాను. ముప్పయి ఏళ్లు అది మా అద్దాల అలమరలో ఉన్నది.

పగడం రాయి కాదని, చెట్టు కూడా కాదని, లక్షలాది చిన్న జీవుల గూడు అని నాకు తరువాత తెలిసింది. చాలా జాతుల గుత్తులు ఏడాదికి కొద్ది సెంటీమీటర్లే పెరుగుతాయి. తీరానికి అలల దెబ్బ తగలకుండా కాచేవి ఆ పగడపు దిబ్బలే. 2004 డిసెంబరు 26 ఉదయం సునామీ వచ్చి ఆ దీవుల్లో వేలాది ప్రాణాలు తీసింది. నికోబారు దీవుల్లో ఊళ్లకు ఊళ్లే పోయాయి. టీవీలో ఆ దృశ్యాలు చూస్తూ మా ఇంటామె, ఆ చేపలామె ఉన్నదో లేదో అని చాలా రోజులు అనుకున్నది.

అప్పటికే చట్టం మారింది. 2001లో కేంద్ర ప్రభుత్వం దిబ్బలు కట్టే పగడాలన్నింటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పెద్దపులితో సమానంగా చేర్చింది. ఎన్నో జాతుల శంఖాలు, గవ్వలు కూడా ఆ ఏడాదే రక్షిత జాబితాల్లోకి వచ్చాయి. పెద్ద గవ్వలను, గుండీల కోసం మెరిసే ట్రోకస్, టర్బో చిప్పలను దశాబ్దాల తరబడి తోడివేయడమే కారణం. 1930లకే జపాను పడవలు అక్కడ ఈ చిప్పల వేట సాగించాయి. కలప విషయంలో కూడా 2002 మే 7న సుప్రీంకోర్టు దీవుల అడవుల నరికివేతను గట్టిగా కట్టడి చేసింది.

మా ఇంటామె 2015లో కాలం చేసింది. 2019లో మా అబ్బాయి తన కుటుంబంతో అండమాన్ పోతూ నన్ను వెంట తీసుకుపోయాడు. ఈసారి విమానం. పేర్లు మారుతున్నాయి. హావ్‌లాక్ దీవి 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ పేరు కూడా శ్రీవిజయపురంగా మారింది. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయ తనిఖీలో మా మనుమరాలి సంచి ఆపారు. తొమ్మిదేళ్ల పిల్ల, ఒడ్డున దొరికిన వేలెడంత పగడపు ముక్క లోపల దాచుకున్నది. తనిఖీ చేసే అమ్మాయి మర్యాదగానే చెప్పింది, ఇది తీసుకుపోకూడదమ్మా, ఇది సముద్రానిదని. ముక్క తీసి పక్కనున్న పెట్టెలో వేసింది. ఆ పెట్టె అప్పటికే సగం నిండి ఉన్నది.

మనుమరాలు ఏడవలేదు. విమానంలో కూర్చున్నాక అడిగింది. “తాతా, మనింట్ల అలమరల ఉన్నది గూడ సముద్రానిదే గదా? అది ఎందుకు వాపసు తీసుకోలే?”

నా దగ్గర జవాబు లేదు. అప్పుడు ఎవరూ అడగలేదు తల్లీ అన్నాను. అది జవాబు కాదని ఆ పిల్లకూ తెలుసు, నాకూ తెలుసు. ఓడ పగిలిన వర్తకుని సరుకు అడిగేవాడు లేడు కదా అని పాత రాజులు తీసుకున్నట్టే నేనూ తీసుకున్నాను. అడిగేవాడు లేని చోట కూడా సుంకం తప్ప ముట్టనన్న గణపతిదేవుని మాట పాఠం చెప్పినట్టు పిల్లలకు చెప్పినవాణ్ణి, ఆ రోజు గాని దాని అర్థం నాకు తెలియలేదు.

ఆ గుత్తిని ఎవరికీ అమ్మలేదు, కానుకగా ఇవ్వలేదు. అలమరలోనే ఉన్నది. దాని కింద మా మనుమరాలు ఒక కాగితం అంటించింది: ఇది మనది కాదు. వచ్చిన చుట్టాలు చదివి అడుగుతారు. అడిగిన ప్రతిసారీ ఈ కథంతా చెబుతాను.

పోదలచినవారికి నాలుగు మాటలు

పదవీ విరమణ తరువాత ఎల్.టి.సి. ఉండదు గాని, పిల్లల సౌకర్యంతోనో, సొంత పింఛనుతోనో మనలో చాలామంది ఇప్పుడు దీవులకు పోతున్నారు. వారి కోసం అనుభవం మీద కొన్ని మాటలు.

మొదటిది, సముద్రంలో, ఒడ్డున దొరికినది ఏదీ సంచిలో వేసుకోవద్దు. పగడం ముక్క చచ్చినదైనా సరే. రెండవది, గవ్వ వస్తువులు, కర్ర బొమ్మలు ప్రభుత్వ ఎంపోరియంలోనో, అనుమతి ఉన్న దుకాణంలోనో కొని, రసీదు తప్పక తీసుకొని, ఇల్లు చేరేదాకా దాచుకోండి. మూడవది, ముత్యాలని చెప్పి టూరు బండివాళ్లు ఆపే దుకాణాల్లో తొందరపడవద్దు. నేను 2019లో అలా కొన్న దండ హైదరాబాదులో చూపిస్తే గాజు అన్నారు. నాలుగవది, దీవిలో పండిన లవంగం, దాల్చిన, మిరియం మంచి కానుక. తేలిక, పాడవదు, పండించినవాడికి నాలుగు రూపాయలు పోతాయి. ఐదవది, దీవిలో ప్రతి వస్తువూ ఓడ మీద వచ్చినదని గుర్తుంచుకొని చిన్న దుకాణదారుతో పది రూపాయలకు తగవు పడవద్దు.

చివరిది మన ఊరి మాట. సూరత్, భివండి పోయిన మన నేతన్నలు కొందరు తిరిగి వచ్చి మన మడికొండలోనే మగ్గాలు పెట్టుకున్నారు. కొత్తవాడలో జంపఖానా నేసే చేతులు ఇంకా ఉన్నాయి, తగ్గిపోతున్నాయి. ఎక్కడో దీవిలో దాన్ని రెండింతల ధరకు కొనే అవసరం మనకు లేదు. బస్సెక్కితే చాలు. నేసినవాడి చేతికే డబ్బు ఇవ్వవచ్చు. మార్కో పోలో సముద్రాలు దాటి వచ్చి మెచ్చుకున్న నేత వంశం అది.

మా ఇంటామె కొన్న జంపఖానా ముప్పయి ఏడేళ్లు దాటినా చిరగలేదు. రంగు కొంచెం వెలిసింది. మధ్యాహ్నం దాని మీదే నడుం వాలుస్తాను. ఆమె ఆనాడు చేసినదే సరైన బేరం అని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

సంఘ సభ్యులందరూ ఆరోగ్యంగా ఉండి, పోగలిగినన్ని ఊళ్లు పోయి, తిరిగి వచ్చి మన సమావేశాల్లో ఆ ముచ్చట్లు చెప్పాలని కోరుకుంటూ సెలవు.

— ఒక విశ్రాంత ఉద్యోగి, మడికొండ